కార్వేటినగరంలో మాటు పని: కుంపటి నుంచి సోల్డరింగ్ స్టేషన్ దాకా

కార్వేటినగరం కరెంటు సంగతి తెలియకుండా ఇక్కడి రేడియో మెకానిక్కుల చేతిపని అర్థం కాదు. ఊరి చుట్టూ బావులు, బోర్లు. వాటి కింద చెరుకు, వరి, వేరుశనగ. త్రీఫేజ్ వదిలిన కాసేపటికల్లా మోటార్లన్నీ లేస్తాయి. నేను పని నేర్చుకున్న రోజుల్లో ఆ వేళకు 230 ఉండాల్సిన వోల్టేజి 160కి దిగేది. బల్బులో తీగ ఎర్రగా కనబడేది. చేతిలో 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్. అందులో పుట్టే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 160 దగ్గర ఆ పాతిక వాట్లు పన్నెండే. లెడ్ (అతికే మాటు లోహాన్ని మేము అలాగే అంటాం) కరిగి పారాల్సింది పోయి మెత్తబడి ముద్ద కట్టేది. రాత్రి పొద్దుపోయి మోటార్లు ఆగితే లైను 250కి ఎక్కేది. అదే ఐరన్ 30 వాట్లకు దగ్గరగా మండేది. పీసీబీ మీద రాగి ట్రాకు ఊడి ఐరన్ కొసన ఉండే బిట్టుకు అంటుకొచ్చేది.

ఈ ఊళ్ళో రేడియోలు, టేపు రికార్డర్లు, టీవీలు బాగుచేసి బతికినవాణ్ణి నేను. ఇప్పుడు ఫోన్ల పని నేర్చుకుంటున్న పిల్లలు వచ్చి, "అన్నా, ఏ స్టేషన్ కొనమంటావు?" అని అడుగుతుంటారు. ఒక కంపెనీ పేరు చెప్పి పంపించేయొచ్చు. కానీ ఈ పని ఏ దారిన నడిచి వచ్చిందో తెలిస్తే, దేన్ని చూసి కొనాలో వాళ్ళకే తెలుస్తుందని నా నమ్మకం. అందుకే ఇది రాస్తున్నాను.

కార్వేటినగరం ఒకప్పుడు సంస్థానం. కుంపిణీ కాగితాల్లో బొమ్మరాజు పాలెం పేరుతో కనబడేది ఈ రాజుల సీమే. వేణుగోపాలస్వామి గుడి, కోనేరు, సారంగపాణి పదాలు ఆ కాలం నుంచి మిగిలిన ఆస్తి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటు కింద, 1953 దాకా మద్రాసు ప్రభుత్వం కింద ఉన్నాం. సంస్థానం, గుడి ఉన్నచోట రాగి, ఇత్తడి, కంచు పాత్రలు ఉంటాయి. పాత్రలు ఉన్నచోట వాటికి చిల్లులు పడతాయి. మాటు పని ఇక్కడికి రేడియోతో రాలేదు, దానికంటే చాలా ముందు నుంచే ఉంది.

ఆ పనిలో రెండు తెగలు. గుండిగకు అడుగు అతకాలన్నా, బిందె మెడ నిలబడాలన్నా ఇత్తడి పొడి, వెలిగారం కలిపి, కొలిమిలో ఎర్రగా కాల్చి అతికేవాళ్ళు. రెండోది మెత్తటి మాటు, తగరం సీసం కలిపింది. కిరోసిన్ బుడ్లు, పాల క్యాన్లు, నూనె గరాటాలు, రేకు డబ్బాలు దీని కిందికి వస్తాయి. కళాయి వేసేవాళ్ళు మళ్ళీ వేరే. వాళ్ళు పాత్రను కుంపటి మీద తిప్పుతూ నవసాగరం పొడి చల్లి, తగరం కడ్డీ తాకించి, గుడ్డతో ఒక్క చుట్టు తుడిస్తే నల్లటి ఇత్తడి లోపల తెల్లగా మెరిసేది. తినే పాత్ర లోపల సీసం తగలనివ్వకూడదన్న పట్టింపు మంచి పనివాళ్ళకు ఉండేది.

రేకు మాటు వేసేవాడి పనిముట్టును నేను చిన్నప్పుడు బజారులో దగ్గర కూర్చుని చూశాను. ఇనప కమ్మీ చివర గుప్పెడంత రాగి దిమ్మ. పట్టుకోవడానికి చెక్క పిడి. అది బొగ్గుల కుంపటిలో ఉండేది. ఎంత కాగిందో తెలుసుకోవడానికి ఆయన దగ్గర ఏ కొలతా లేదు. రాగి దిమ్మ చుట్టూ మంట పచ్చరంగు తిరిగేదాకా ఆగేవాడు. పచ్చ కనబడగానే తీసి, నవసాగరం గడ్డ మీద రుద్దేవాడు. తెల్లటి పొగ లేచి దిమ్మ మొహం తేటపడేది. వెంటనే మాటు కడ్డీ ముట్టిస్తే వెండి పూత పూసినట్టు పరుచుకునేది. ఆ కాక ఉన్నంతసేపే పని. రెండు మూడు అతుకులకు చల్లారేది, మళ్ళీ బొగ్గుల్లోకి. కుంపట్లో ఎప్పుడూ రెండు దిమ్మలు ఉండేవి. ఒకటి చేతిలో, ఒకటి నిప్పుల్లో. కాక తగ్గకుండా చూసుకోవడానికి మనిషి చేసిన మొదటి ఏర్పాటు అదేనని నాకు తర్వాత తెలిసొచ్చింది.

రేడియో మాకు మద్రాసు నుంచి వచ్చింది. 1924లోనే అక్కడ మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పుట్టింది. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. మాకు వంద కిలోమీటర్ల చిల్లర దూరం. మీడియం వేవ్‌లో చక్కగా వినబడేది. 1948 డిసెంబరులో విజయవాడ, 1963లో కడప వచ్చినా ఇక్కడి పెద్దల ముల్లు మద్రాసు దగ్గరే ఆగేది. రాత్రి పూట రేడియో సిలోన్. కరెంటు లేని ఇళ్ళలో బ్యాటరీ సెట్లు. 90 వోల్టుల పెద్ద బ్యాటరీ ఒకటి, వాల్వుల తీగ వెలగడానికి ఒకటిన్నర వోల్టులది ఒకటి. లోపల 1ఆర్5, 1టి4, 1ఎస్5, 3వి4 అని నాలుగు సన్న వాల్వులు. పంచాయతీ రేడియోకు గోడ మీద లౌడ్ స్పీకరు. ఇంట్లో రేడియో పెట్టుకుంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సి వచ్చేది. ఆ పుస్తకాలు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయి. చూస్తే పారేయకండి.

మొదట్లో రేడియోలో తీగ ఊడితే జనం తీసుకెళ్ళింది రేకు మాటు వేసేవాడి దగ్గరికే. పాపం ఆయన తనకు తెలిసిన పద్ధతే చేశాడు. జింకు ముక్కలు వేసి చంపిన ఆసిడ్ పూసి అతికాడు. అతుకు గట్టిదే. ఆరు నెలలకు ఆ ఆసిడ్ రాగి తీగను తినేసేది. అలాంటి సెట్లు నేను విప్పి చూశాను. ట్యాగుల చుట్టూ పచ్చటి చిలుము, ముట్టుకుంటే తీగ పొడిగా రాలేది. రేడియో పనికి పైన్ చెట్ల జిగురు నుంచి తీసిన రోజన్ తప్ప మరొకటి పనికిరాదని మా ప్రాంతం నేర్చుకున్నది ఆ చిలుము చూసే. కాగినప్పుడే రోజన్ తుప్పును కడుగుతుంది, చల్లారాక ఏమీ చేయదు. ఆ గుణమే ఎలక్ట్రానిక్స్ పనిని నిలబెట్టింది. ఇప్పుడు లెడ్ తీగ లోపలే సన్నటి గొట్టంలా రోజన్ పోసి వస్తోంది.

 కరెంటుతో కాగే ఐరన్‌ను ఫ్యాక్టరీ తయారీలోకి తెచ్చిన కంపెనీల్లో ఒకటి, జర్మనీలో ఎర్న్‌స్ట్ సాక్స్ 1921లో పెట్టిన ఎర్సా. మా దాకా వచ్చిన మొదటివి 60, 100 వాట్ల బండ ఐరన్లు. వాల్వు రేడియోకు అవి సరిపోయేవి. ఇనుప చాసిస్, మందపాటి ట్యాగులు, గట్టి తీగలు, ఎంత కాల్చినా తట్టుకునే సరుకు. మా మేస్త్రీ వాల్వు సెట్లతో చేయి తిరిగినవాడు. ఆయన ఐరన్ స్టాండు మీద పెట్టేముందు బిట్టును పాత గుడ్డకు ఒక తుడుపు తుడిచేవాడు. మేము మరిచిపోతే, "బిట్టు మొగం చూసినావంటప్పా? నల్లగా ఉండాది. అట్లుంటే కాక యాడికి పోతుంది?" అనేవాడు. పని మొదలుపెట్టే ముందు అరం తీసి, బిట్టు మొహం రాకి, మెరుపు రాగానే రోజన్‌లో ముంచి, లెడ్ పట్టించాలి. కరిగిన తగరం రాగిని కొద్ది కొద్దిగా తనలో కలుపుకుంటుంది. అందుకే రాగి బిట్టు గుంటలు పడుతుంది, రాకుతూ ఉండాలి. మా తరం మెకానిక్కు సంచిలో అరం లేకుండా ఉండేది కాదు.

ట్రాన్సిస్టర్ వచ్చి ఈ లెక్కంతా మార్చేసింది. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో వాల్వులు, ఆ వెంటనే 1962లో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు తయారు చేయడం మొదలుపెట్టింది. ఏసీ128 లాంటి జెర్మేనియం సరుకు లోపలి ముక్క వంద డిగ్రీలు చూసిందంటే దాని పని అయిపోయినట్టే. లెడ్ కరగడానికే 183 డిగ్రీలు కావాలి. అంటే కాలు చివర రెండొందల పైన ఉండాలి, అరంగుళం అవతల ఉన్న తలకాయకు వంద కూడా చేరకూడదు. నోస్ ప్లయర్‌తో కాలును మధ్యలో పట్టుకుని, వేడిని ప్లయర్ తాగేసేలా చేసి, రెండు సెకన్లలో జాయింటు ముగించాలి. వాల్వు సెట్ల మీద చేయి తిరిగిన వాళ్ళలో కొందరు ఈ పనికి అలవాటు పడలేక వైండింగులోకి, మైకు సెట్లలోకి వెళ్ళిపోయారు. మంచి పనివాళ్ళు వాళ్ళు. వాళ్ళ చేతికి తగ్గ కాక ఇచ్చే పనిముట్టు మా ఊళ్ళో దొరక్కపోవడమే అందుకు కారణం.

సామాన్లకు మద్రాసు పోవాలి. పుత్తూరులో రైలెక్కితే ఏకాంబరకుప్పం, తిరుత్తణి, అరక్కోణం మీదుగా సెంట్రల్. అక్కణ్ణుంచి మౌంట్ రోడ్డు పక్కన రిచ్చీ స్ట్రీట్. ఆ సందుల్లో తమిళం, తెలుగు, హిందీ కలిసి నడుస్తాయి. కండెన్సర్లు గుప్పెళ్ళతో, ట్రాన్సిస్టర్లు పొట్లాల్లో, రేడియో క్యాబినెట్లు గుట్టలుగా. సోల్డ్రాన్ 25 వాట్ల ఐరన్ మా బల్లల మీదికి వచ్చింది అక్కణ్ణుంచే. సన్నది, చేతికి తేలిక. దేశంలో లక్షల మంది విద్యార్థులు, మెకానిక్కులు పని నేర్చుకున్నది ఆ తరహా ఐరన్ మీదే. ఇప్పటికీ నేర్చుకునేవాడికి మొదటి పనిముట్టుగా దాన్నే ఇప్పిస్తాను. వేడి తనంతట తాను నిలబడకపోతే చేయి ఎలా సర్దుకోవాలో అది నేర్పుతుంది.

1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ మొదలయ్యాక మా వైపు మిద్దెల మీద పొడుగాటి పైపులు లేచాయి. తమిళ కార్యక్రమాలే అయినా బొమ్మ కనబడితే చాలని చూశారు. డయనోరా, సాలిడేర్ సెట్లు మద్రాసు నుంచి, ఈసీ టీవీలు హైదరాబాదు నుంచి వచ్చేవి. ఏ కంపెనీ టీవీ అయినా నాలుగైదేళ్ళు వాడాక వచ్చే జబ్బు ఒకటే, డ్రై సోల్డర్. లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ళు, యోక్ సాకెట్టు, వేడెక్కే రెసిస్టర్ల చుట్టూ లెడ్ రోజూ వేడెక్కి, చల్లారి, కాలు చుట్టూ వెంట్రుకంత గీత పడుతుంది. "సామీ, నెత్తిన కొడితే బొమ్మొస్తాంది, మళ్ళా పోతాంది" అని మోసుకొచ్చేవాళ్ళు. విప్పి, బోర్డు తిరగేసి, వెలుతురుకు వాల్చి చూస్తే కాలు చుట్టూ బూడిదరంగు వలయం కనబడేది. పాత లెడ్ పీల్చేసి, కాలు గీకి, కొత్త లెడ్ పారిస్తే సెట్టు మళ్ళీ ఏళ్ళు నడిచేది. మా ఇళ్ళలో పొయ్యి వెలిగించింది చాలావరకు ఈ ఒక్క జబ్బే.

దాన్ని బాగుచేయాలంటే ఒకే బోర్డు మీద రెండు రకాల వేడి కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ లావు కాళ్ళకు ఎక్కువ వేడి, పక్కనే ఉన్న ఐసీ సన్న కాళ్ళకు కొద్దిగా. చేతిలో ఉన్నది ఒకే ఐరన్, కరెంటు చూస్తే ఆ తీరు. అప్పుడు మా వాళ్ళు పట్టిన ఉపాయాలు రాసి ఉంచదగ్గవి. ఐరన్ తీగలో ఒక 1ఎన్4007 డయోడు వేసి, దానికి అడ్డంగా స్విచ్ పెట్టేవాళ్ళు. స్విచ్ తెరిస్తే కరెంటులో సగం ముక్కే పోతుంది, వాట్లు సగమవుతాయి, ఐరన్ ఊరకే ఉన్నప్పుడు బిట్టు మాడదు. స్విచ్ మూస్తే పూర్తి కాక. ఇంకొకరు స్టాండుకే మీట స్విచ్ బిగించారు. ఐరన్ ఎత్తగానే పూర్తి కరెంటు, పెట్టగానే సగం. ఫ్యాను రెగ్యులేటరు వాడినవాళ్ళు ఉన్నారు. టీవీ స్టెబిలైజర్‌కే ఐరన్ తగిలించుకున్నవాళ్ళు ఉన్నారు. రిచ్చీ స్ట్రీట్ కొట్ల అద్దాల్లో కనబడే, వేడిని తమంతట తామే నిలబెట్టుకునే విదేశీ స్టేషన్లను కొనే స్తోమత లేక, అవి చేసే పనిని మా వాళ్ళు ముక్కలు ముక్కలుగా సొంతంగా కట్టుకున్నారు. ఇది చిన్న విషయం కాదు. ఈ పనికి చరిత్ర రాస్తే ఆ డయోడుకు ఒక పేజీ ఇవ్వాలి.

అవతలి దేశాల్లో ఇదే చిక్కును వేరేగా విప్పారు. అమెరికాలో కార్ల్ వెల్లర్ రేడియోలు బాగుచేసే మనిషే. ఐరన్ కాగడానికి పట్టే ఆలస్యం భరించలేక, మీట నొక్కిన కొన్ని సెకన్లకే వేడెక్కే సోల్డరింగ్ గన్ తయారు చేసి, 1945లో కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ తర్వాత తెచ్చిన మాగ్నాస్టాట్ ఐరన్ నాకు ఎంతో ఇష్టం. బిట్టు వెనక ఒక చిన్న లోహపు బిళ్ళ ఉంటుంది. ఫలానా వేడి దాటగానే దాని అయస్కాంత గుణం పోతుంది, లోపలి స్విచ్ విడిపోయి కరెంటు ఆగుతుంది. చల్లారగానే ఆ గుణం తిరిగొచ్చి స్విచ్ టక్కున అతుక్కుంటుంది. బిట్టు మీద 6, 7, 8 అని అంకె. అంటే 600, 700, 800 ఫారెన్‌హీట్, మన లెక్కలో సుమారు 315, 370, 425 డిగ్రీలు. వేడి మార్చాలంటే బిట్టు మార్చాలి. తిప్పడానికి నాబ్ లేదు, చూడడానికి అంకెల తెర లేదు. రాగి దిమ్మ చుట్టూ పచ్చ మంట కోసం కాచుకున్న మనిషి కన్ను చేసిన పనినే ఆ బిళ్ళ చేస్తుంది.

జపాన్‌లో ఒసాకా కంపెనీ హక్కో 1952 నాటిది. వాళ్ళ 936 మోడల్ ప్రపంచమంతా తిరిగింది, దాన్ని చూసి చేసిన నకళ్ళు అంతకంటే ఎక్కువ తిరిగాయి. మా వైపు బల్లల మీద ఇప్పుడు కనబడే నీలం, నలుపు పెట్టెల్లో చాలావాటికి తల్లి అదే. పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్ 230ని 24 వోల్టులకు దించుతుంది. పిడి లోపల పింగాణీ హీటరు, దానిలోనే వేడి కనిపెట్టే సెన్సారు. సెట్ చేసిన వేడికి తగ్గితే కరెంటు పోతుంది, చేరగానే ఆగుతుంది. హక్కో టి12 తరహాలో హీటరు, సెన్సారు, బిట్టు మూడూ ఒకే కడ్డీలో ఉంటాయి. సెన్సారు బిట్టు కొసకు దగ్గరగా ఉండడంతో వేడి తగ్గిన సంగతి తొందరగా తెలుస్తుంది.

ఇక ఎంపిక సంగతి. వాట్లు వేరు, వేడి డిగ్రీలు వేరు. డిగ్రీలు తొట్టిలో నీటి మట్టమైతే వాట్లు దాన్ని నింపే ధార. 350 డిగ్రీలు పెట్టుకున్న రెండు ఐరన్లలో ఒకటి 20 వాట్లది, ఒకటి 60 వాట్లది అయితే, గాలిలో ఉన్నంతసేపు రెండూ ఒకటే. లావు గ్రౌండ్ ట్రాకు మీద పెట్టగానే మొదటిది చల్లారిపోతుంది, రెండోది పోయిన కాకను అక్కడికక్కడే తెచ్చుకుంటుంది. స్టేషన్‌కు డబ్బు పెట్టేది ఈ తెచ్చుకునే గుణానికి. దాన్ని కొట్టులోనే పరీక్షించొచ్చు. చచ్చిపోయిన కంప్యూటర్ మదర్‌బోర్డు ఒకటి వెంట తీసుకుపోండి. 350 డిగ్రీలు, ఉలి మొహం బిట్టు పెట్టి, గ్రౌండ్‌కు కలిసిన కాళ్ళను వరసగా కరిగిస్తూ పోండి. మొదటి కాలికి పట్టిన సమయమే ఆఖరు కాలికీ పడితే ఆ స్టేషన్ మంచిది. పోను పోను ఆలస్యమైతే తెర మీద ఎన్ని అంకెలు వెలిగినా వద్దు. సూదిమొన బిట్టు చూడడానికి అందంగా ఉంటుంది గానీ కాలికి ఆనే చోటు తక్కువ, వేడి దిగదు. రోజువారీ పనికి రెండు మూడు మిల్లీమీటర్ల ఉలి బిట్టు పెట్టుకోండి.

మా ఊరిలాంటి చోట ఇంకొకటి చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ స్టేషన్‌లో లైను 160కి దిగితే 24 వోల్టులు 17కు దిగుతాయి, 50 వాట్ల హీటరు 24 వాట్లవుతుంది. చిన్న జాయింట్లకు వేడి నిలబెట్టుకుంటుంది, పెద్దవాటి దగ్గర తడబడుతుంది. కానీ లైను 250 అయినా బిట్టు మాడదు, అదే పాత ఐరన్‌కు దీనికి తేడా. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్‌తో (స్విచింగ్ పవర్ సప్లైతో) నడిచే టి12 తరహావి 100 నుంచి 240 వోల్టుల మధ్య ఎక్కడైనా అదే 24 ఇస్తాయి. వోల్టేజి ఊగే పల్లెకు నా ఓటు వాటికే, ఒక్క షరతుతో. ఎర్తింగ్ ఉండాలి. ఎర్త్ లేని ఎస్‌ఎమ్‌పీఎస్ బిట్టు మీద లీకేజీ వోల్టేజి తేలుతుంది, అది ఐసీలను చప్పుడు లేకుండా చంపుతుంది. మల్టీమీటరుతో బిట్టుకు, ప్లగ్గు మూడో పిన్నుకు మధ్య చూడండి. ఒకటి రెండు ఓములకు మించకూడదు. ప్లగ్గు అవతల గోడలో ఎర్త్ తీగ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. మన దగ్గర కొట్లలో మూడో రంధ్రం చాలాచోట్ల ఉత్త రంధ్రమే. గుంత తవ్వి, పైపు దించి, ఉప్పూ బొగ్గూ వేసినా రాయలసీమ ఎండలకు మట్టి ఎండిపోతుంది. వేసవిలో ఆ గుంతకు నీళ్ళు పోయాలి.

బిట్టు విషయంలో పాత మెకానిక్కులకు చెప్పడమే కష్టం. ఇప్పటి బిట్టు లోపల రాగి, పైన సన్నటి ఇనుము పూత. తగరం రాగిని కరిగించినంత తొందరగా ఇనుమును కరిగించలేదు, అందుకే ఆ పూత. దాని మీద అరం ఆడించారంటే పూత పోతుంది, వారంలో బిట్టుకు బొక్క పడుతుంది. తరాల పాటు పనితనానికి గుర్తుగా ఉన్న అరం స్టేషన్ వచ్చాక బల్ల దిగిపోవాల్సి వచ్చింది. ఇత్తడి పీచులో పొడిస్తే చాలు, పని ముగిశాక బిట్టుకు లెడ్ పట్టించి ఆపితే చాలు. మా మేస్త్రీ చెప్పిన "బిట్టు మొగం చూడు" అన్న మాట మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది. నకిలీ బిట్లలో ఇనుము పూత పల్చన, నెల తిరక్కుండా నల్లబడి లెడ్ పట్టదు. అందుకని స్టేషన్ కొనేముందు దాని అసలు బిట్లు తిరుపతిలోనో చెన్నైలోనో ఎప్పుడూ దొరుకుతాయా అని అడగండి. బిట్లు దొరకని ఖరీదైన స్టేషన్ కంటే బిట్లు దొరికే చవక స్టేషన్ మేలు.

2006 జులై 1 నుంచి ఐరోపా దేశాలు ఎలక్ట్రానిక్ సరుకులో సీసాన్ని కట్టడి చేశాయి. మన దేశపు ఈ-వ్యర్థాల నిబంధనలు కూడా తర్వాత ఆ దారిలోకి వచ్చాయి. కొత్త లెడ్‌లో పేరుకే లెడ్, సీసం ఉండదు. తగరం, మూడు శాతం వెండి, అర శాతం రాగి. కరగడానికి 217 డిగ్రీలు దాటాలి. పాత లెడ్‌కు 320, 330 పెట్టిన చోట దీనికి 350, 370 కావాలి. జాయింటు కూడా పాతదానిలా అద్దంలా మెరవదు, మసకగానే ఉంటుంది. డ్రై సోల్డర్ అనుకుని మళ్ళీ మళ్ళీ కాల్చకండి. సీసం ఉన్న లెడ్‌తో పనిచేసేవాళ్ళు చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు. పొగ సీసం పొగ కాదు, రోజన్ పొగ. అయినా అది ఊపిరితిత్తులకు చెరుపే. చిన్న ఫ్యాను పెట్టి పక్కకు లాగేయండి. మా తరంలో ఈ రెండూ చెప్పినవాళ్ళు లేరు.

ఇప్పుడు పని ఊరు దాటింది. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ షియోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. రేణిగుంట విమానాశ్రయం చుట్టుపక్కల క్లస్టర్లలో డిక్సన్ టీవీలు, టీసీఎల్ తెరలు తయారవుతున్నాయి. అక్కడ లెడ్ ముద్ద రూపంలో బోర్డు మీద అచ్చు పడుతుంది, విడిభాగాలను మిషన్లు పెడతాయి, సొరంగంలాంటి పొయ్యిలో అన్ని జాయింట్లూ ఒకేసారి కరుగుతాయి. అయినా పొయ్యి దాటి వచ్చిన బోర్డులో తప్పు కనబడితే, స్టేషన్ ముందు కూర్చుని సరిదిద్దడానికి మనిషి కావాలి. మా వైపు ఊళ్ళ నుంచి వెళ్ళిన ఆడపిల్లలు ఆ కుర్చీల్లో ఉన్నారని తెలిస్తే నాకు గర్వంగా ఉంటుంది. శ్రీహరికోట నుంచి 1971 నుంచీ ఎగురుతున్న రాకెట్ల సంగతి చూసినా, చేతి సోల్డరింగ్‌కు ఇస్రో విడిగా పనితనపు ప్రమాణాలు రాసుకుంది. ఈ పనిని చిన్నచూపు చూసేవాళ్ళు అది గమనించాలి.

కార్వేటినగరంలో, పుత్తూరులో, నగరిలో కొత్తగా బల్ల వేసుకుంటున్న పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ముందు ఎర్తింగ్ గుంత తవ్వించండి. తర్వాత, పోయిన కాకను వెంటనే తెచ్చుకునే, బిట్లు దొరికే స్టేషన్ చూసి కొనండి. దానితోపాటు ఒక మామూలు 25 వాట్ల ఐరన్ కూడా ఉంచుకోండి. ఐటీఐ అధ్యాపకులకు ఒక మనవి. వాల్వు సెట్లు, బొమ్మ గొట్టం టీవీలు చేసిన మెకానిక్కులు ఈ చుట్టుపక్కల ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ళను ఏడాదికి ఒక్కసారైనా మీ క్లాసుకు పిలిపించి, డయోడు వేసిన ఆ పాత ఐరన్లను పిల్లలకు చూపించండి. ఇళ్ళల్లో మూలన పడి ఉన్న అలాంటి ఐరన్లు, స్టాండ్లు, రేడియో లైసెన్సు పుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉంటే పాత సామాన్లవాళ్ళకు వేయకుండా దగ్గర్లోని బడికో ఐటీఐకో ఇవ్వండి.